తీగ తీయనివ్వని పెద్దక్కగారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం ఆగస్టు ఏడవ తేదీ సోమవారం ఉదయం మన పరీక్షాశాలలో జూనియర్ ఇంజనీరుగా అడుగుపెట్టి, అంచెలంచెలుగా విభాగాధిపతి స్థానాన్ని అలంకరించి, ఈ సాయంత్రం పదవీ విరమణ చేస్తున్న వారిని, మనమందరం పెద్దక్కగారని గౌరవంగా పిలుచుకునే మహనీయురాలిని అభినందిస్తూ నాలుగు మాటలు రాయమని సంచిక సంపాదకవర్గం నన్ను ఆదేశించింది. ఆదేశంతోపాటు ఒక హితవు కూడా చెప్పింది. "శుభమా అని సాగనంపుతున్నాం, ఆ పంపు గొడవ మాత్రం ఎత్తకండి" అన్నారు. పంపు గొడవ ఎత్తకుండా పెద్దక్కగారి గురించి రాయడం నాకు చేతకాదు. కనుక సంపాదకులకు ముందే మనవి చేస్తున్నాను: ఈ వ్యాసం వేస్తే మొత్తం వేయండి, లేదంటే నా పుటలో ఏదైనా ప్రకటన వేసుకోండి.

మా వృత్తి ఏమిటో అంతగా తెలియని కుటుంబసభ్యులు కూడా ఈ సంచిక చదువుతారు కనుక ముందుగా ఒక్క మాట. కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ కంటికి కనిపించని తరంగాలను తన చుట్టూ వెదజల్లుతుంది. ఇతర వస్తువులు వెదజల్లినవాటిని తానూ గ్రహిస్తుంది. తాను మరొకదాని పనికి అడ్డు రాకుండా, మరొకటి అడ్డొచ్చినా తన పని చెడగొట్టుకోకుండా ఉండే గుణాన్నే విద్యుదయస్కాంత అనుకూలత అంటారు. దానికి ప్రమాణాలున్నాయి. ఆ ప్రమాణాల ప్రకారం వస్తువును బజారుకెక్కక ముందే పరీక్షించి, బాగుంటే బాగుందని, బాగులేకుంటే లేదని రాసివ్వడం మన కొలువు. ఆ రెండో మాట రాయడానికి ఎంత గుండె కావాలో ఈ భవనంలో అందరికీ తెలుసు, అయినా ఎవరూ పైకి అనరు.

వారు చేరిన తొలి రోజుల్లో ఇప్పుడున్న నీలం గది లేదు. భవనం వెనక ఖాళీ స్థలంలో నేల మీద రేకులు పరిచి, చెక్క బల్ల మీద వస్తువును నిలిపి, ఎదురుగా కర్ర స్తంభానికి యాంటెన్నా ఎక్కించి, మండుటెండలో కొలతలు తీసేవారు. ఊళ్ళోని రేడియో కేంద్రాలూ, రోడ్డు మీద పోయే బళ్ళూ అన్నీ ఆ యాంటెన్నాలోనే పలికేవి. కొలత యంత్రం తెర మీద కనిపించే గీతల్లో ఏది వస్తువుది, ఏది ఊరిది అని విడదీసి చెప్పడం సామాన్యమైన విద్య కాదు. ఒక చేత గొడుగు, మరొక చేత పెన్సిలు పట్టుకొని పెద్దక్కగారు గంటల తరబడి అక్కడే నిలబడేవారనీ, రేకుల వేడికి చెప్పులు అతుక్కుపోయేవనీ మన పాత డ్రైవరుగారు ఇప్పటికీ చెబుతారు. తరువాతి కాలంలో ఉక్కు గోడలతో నీలం గది వచ్చింది. లోపలంతా నీలిరంగు నురగ శంకువులు, మధ్యలో తిరిగే బల్ల, బయటి తరంగం చొరబడకుండా తలుపు అంచుల నిండా రాగి రేకుల వరుస. పని మొదలుపెట్టే ముందు ఆ రాగి రేకులను వారే స్వయంగా గుడ్డతో తుడిచేవారు. విభాగాధిపతి అయ్యాక కూడా ఆ గుడ్డ మరొకరి చేతికివ్వలేదు. మాలో ఎవరైనా మర్యాదకు అందుకోబోతే "నీ గుడ్డ నువ్వు తెచ్చుకో" అనేవారు.

ఇక అసలు సంగతికి వస్తాను. వస్తువంటే పెట్టె ఒక్కటే కాదు; దాన్నుంచి బయటికి వచ్చే తీగలు కూడా వస్తువే. తగిన పొడవున్న తీగ యాంటెన్నాతో సమానం. లోపలి రొదను బయటికి మోస్తుంది, బయటి రొదను లోపలికి తెస్తుంది. తీగలన్నీ ఊడదీసి, మిగిలిన ఒక్కదాన్నీ చుట్టచుట్టి బల్ల కింద దాచేస్తే, ఎంత పనికిమాలిన వస్తువైనా పరీక్షలో బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది. అందుకే ప్రమాణంలో స్పష్టంగా రాసి ఉంది: వాడుకలో ఎలా ఉంటుందో అలాగే, తీగలన్నీ తగిలించి, వాటిని అటూ ఇటూ కదిలించి, అన్నిటికన్నా చెడ్డ స్థితి ఏదో కనిపెట్టి, అక్కడ కొలవాలని. ఆ వాక్యం మనమందరం చదివాం. చదివినదాన్ని ప్రతిసారీ, ప్రతి వస్తువు మీదా, ఎవరు వద్దన్నా పాటించినవారు పెద్దక్కగారు.

"అమ్మా, మీరు కావాలనే చెడ్డగా వచ్చేట్టు తిప్పుతున్నారండీ!" అని ఒకసారి ఒక టీవీ కంపెనీ ప్రతినిధి లబోదిబోమన్నారు.

"అవును నాయనా, కావాలనే," అన్నారు వారు, తీగను ఇంకొంచెం పక్కకు జరుపుతూ. "మీ టీవీ కొన్నవాళ్ళు వెనక వైర్లన్నీ చక్కగా సర్దుకుంటారని మీ ఇంటావిడ చేత ఒక్క మాట చెప్పించండి, ఆపేస్తాను."

అప్పటి నుంచి బయటివారు వారిని "వైర్ల మేడమ్" అనసాగారు. "ఇవాళ వైర్ల మేడమ్ ఉన్నారా, సెలవా?" అని ఫోన్లో కనుక్కొని మరీ వచ్చేవారు కొందరు. నేటితో వారి కొలువు ముగుస్తోంది. నీలం గదిలో తీగలు తగిలించే పద్ధతి రేపటి నుంచి ఉంటుందా, ఊడుతుందా అన్నదే ఇప్పుడు మన ముందున్న అసలు ప్రశ్న. ఈ సాయంత్రపు ఉపన్యాసాలలో దాన్ని ఎవరూ ముట్టుకోరని నాకు తెలుసు కనుక నేను ముట్టుకుంటున్నాను.

అంతకన్నా ముందు ఇంటి సంగతి ఒకటి. దీన్ని వారి అత్తగారి అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆ పెద్దావిడకు చెవి యంత్రం పెట్టిన కొత్తలో, హాల్లో కూర్చుంటే చాలు, చెవిలో కందిరీగలు మూగుతున్నాయని రోజూ గోలపెట్టేవారట. యంత్రం అమ్మినవారు చూసి బాగానే ఉందన్నారు. బడిలో లెక్కలు చెప్పే కుమారుడు "వయసమ్మా, వయసు" అన్నారు. మనవరాలు నవ్వింది. కోడలు మాత్రం నవ్వలేదు. ఒక సెలవునాడు అత్తగారిని కుర్చీతో సహా హాల్లో మూలమూలకూ తిప్పి, "ఇక్కడ ఉన్నాయా అత్తయ్యా? ఇక్కడో?" అని అడుగుతూ, ఇంట్లోని వస్తువులను ఒక్కొక్కటిగా ఆపుతూ పోయారు. చివరికి కుమారుడుగారు ముచ్చటపడి కొన్న, మీట తిప్పితే వెలుగు తగ్గే నిలువు దీపం ఆర్పగానే కందిరీగలు ఎగిరిపోయాయి. వెలిగిస్తే మళ్ళీ వచ్చి వాలాయి.

"నేను కొన్నాననేగా దాని మీద పడ్డారు!" అని భర్తగారు ఒంటికాలి మీద లేచారు.

"నోర్మూసుకోరా. ఇన్నాళ్ళూ నాకు మతి పోయిందన్నారు మీరంతా," అన్నారట అత్తగారు. "ఈ ఇంట్లో నా మాట నమ్మింది కోడలొక్కతే."

ఆ దీపం ఇప్పుడు వెనక గదిలో ఉంది. మాస్టారు తన జవాబు పత్రాలన్నీ అక్కడే దిద్దుకుంటున్నారు. దీపానికి వేసిన శిక్ష తనకు కూడా పడిందని వారు నాతో వాపోయారు గానీ, ఆ వాపోవడంలో గర్వమే ఎక్కువగా వినిపించింది.

ఇక పంపు. రోగి నరంలోకి మందును చుక్కచుక్కగా, లెక్కప్రకారం ఎక్కించే యంత్రం అది. ఆస్పత్రి మంచం పక్కన స్తంభానికి బిగిస్తారు. ఫోన్లూ, వైర్‌లెస్ సెట్లూ చుట్టూ ఉన్నా అది తప్పకుండా పనిచేయాలి. కనుక నీలం గదిలో దాని మీదికి తరంగాలను పంపి, బయట కూర్చొని కెమెరాలో చూస్తాం. కొత్తగా చేరిన వారెవరైనా పంపు తెర మీది అంకెనే చూస్తారు. "అంకె చూడకండి, చుక్క చూడండి" అనేవారు పెద్దక్కగారు. కొన్నేళ్ళ క్రితం ఒక కంపెనీవారు తెచ్చిన పంపు మొదట చక్కగానే నడిచింది. దాని వెనక, నర్సుల గదిలో గంట మోగించేందుకు ఒక పొడవాటి తీగ తగిలించే చోటుంది. ఆ తీగ ఏదని పెద్దక్కగారు అడిగారు.

"అది మా ప్యాకింగ్‌లో రాదండి," అన్నారు కంపెనీ ప్రతినిధి. "కావాలంటే ఆస్పత్రివాళ్ళు విడిగా కొనుక్కుంటారు."

"కొనుక్కుంటారా, కొనుక్కోరా?"

"కొనుక్కుంటారనుకోండి..."

"అనుకోవడమెందుకు? తగిలిద్దాం."

తగిలించాం. తరంగాలను మెట్టుమెట్టుగా మారుస్తూ పోతే ఒకచోట చుక్క ఆగిపోయింది. తెర మీది అంకె మాత్రం మందు ఎక్కుతోందనే చెబుతూ పోయింది, గంట మోగలేదు. నేను ఆ రోజు వారి పక్కనే కూర్చొని ఉన్నాను. సంతకం చేసే అధికారం నాకు అప్పటికి లేదు. చూసే అధికారం ఉంది, చూశాను. మళ్ళీ చేశాం, మళ్ళీ అక్కడే ఆగింది. వారు నివేదికలో ఆ పంపు ప్రమాణానికి తగినట్టు లేదని రాశారు.

సంచాలకులవారు పెద్దక్కగారిని పిలిపించారు. కెమెరా దృశ్యాలు చూపేందుకు నన్నూ వెంట తీసుకెళ్ళారు కనుక, ఆ సంభాషణ నేను స్వయంగా విన్నదే. దృశ్యాలను మాత్రం ఎవరూ చూడలేదు.

"మేడమ్, లేని వైరు తెచ్చి తగిలించి ఫెయిల్ అంటే ఎలాగండీ? వాళ్ళు ఇంకో లాబ్‌కి పోతారు. అది తీసేసి రాసెయ్యండి, అయిపోతుంది."

"తీసేస్తాను సార్. ఆస్పత్రుల్లో కూడా తీసేయించే పూచీ మీరు తీసుకుంటారా?"

"మీరు ప్రతిదానికీ ఇలా అడ్డం తిరిగితే నేను లాబ్ నడపగలనా?"

"చుక్క ఆగింది సార్," అన్నారు వారు. గొంతు పెంచలేదు. "మా ఇద్దరి కళ్ళముందే ఆగింది."

ఆ వారమే వారికి అవిధేయత కింద మెమో ఇచ్చి, గేటు పక్కన సందర్శకులకు పాసులిచ్చే గదికి బదిలీ చేశారు. వేరే శాఖ నుంచి తీసుకొచ్చిన ఒక అధికారి, తీగ తగిలించకుండా, ఆ పంపును పరీక్షించి, దివ్యంగా ఉందని సంతకం పెట్టి, చేతులు దులుపుకొని వెళ్ళిపోయారు. ఇది జరిగింది. ఈ మాట ఇంత సూటిగా అచ్చులో చూసి కొందరికి ముఖం చిట్లవచ్చు. తరంగాల విద్యలో ఈ భవనమంతటికీ ఆరితేరిన నిపుణురాలిని తీసుకెళ్ళి కిటికీ వెనక కూర్చోబెట్టి, వచ్చినవారి పేరూ ఊరూ అడిగించినప్పుడు ఎవరికీ చిట్లని ముఖాలు ఇప్పుడు చిట్లితే నేను చేయగలిగింది లేదు. ఆ రోజుల్లో భోజనాల వేళ వారి బల్ల దగ్గర కూర్చోవడానికి కూడా జంకినవారు ఈ సాయంత్రం పూలగుత్తులతో ముందు వరుసలో కూర్చుంటారు. కూర్చోనివ్వండి. పూలు వారికి ఇష్టమే.

ఆ గదిలో వారు చాలా కాలం పనిచేశారు. పని చేశారంటే నిజంగానే చేశారు. లోపల తప్పించుకుందామనుకున్న కంపెనీ ప్రతినిధులు గేటు దగ్గరే దొరికిపోయేవారు. పాసు మీద ముద్ర వేస్తూ, "వైర్లన్నీ తెచ్చుకున్నారా?" అని అడిగేవారు వారు. తేలేదంటే ముద్ర వేసి, "లోపల అడగరులెండి, వెళ్ళండి" అనేవారు. ఆ మాట విని తల దించుకొని లోపలికి వచ్చినవారిని నేను చూశాను. ఇంటికి మాత్రం ఆ రోజుల్లో వారు ముఖం వేలాడేసుకొని వెళ్ళేవారనీ, అన్నం కలిపి కలిపి వదిలేసేవారనీ అత్తగారే చెప్పారు. మనకు ఇక్కడ ఆ ముఖం ఒక్కనాడూ చూపించలేదు.

ఆ కిటికీ దగ్గరికే ఒక ఉదయం, ఒక ఆస్పత్రి హెడ్ నర్సుగారు సంచిలో పంపు పెట్టుకొని వచ్చారు.

"మీ లాబ్‌లో బాగుందని రాసిచ్చారట దీన్ని. మొన్న పేషెంటుకి మందు ఎక్కట్లేదండీ, ఇదేమో ఎక్కుతోందంటోంది! పక్కనాయన ఫోన్ మాట్లాడుతుంటే ఆగిపోయింది. నేను అటు పోతూ చుక్క చూశాను కాబట్టి సరిపోయింది. చూడకపోతే?"

"గంట వైరు తగిలించి ఉందా అమ్మా?"

"ఎందుకుండదూ? అది లేకపోతే మాకు తెలిసేదెలా?"

పెద్దక్కగారు పాసు రాయలేదు. కిటికీ మూసి, ఆ నర్సుగారిని చెయ్యి పట్టుకొని నేరుగా సంచాలకులవారి గదికి తీసుకెళ్ళారు. "వీరు ఏం చూశారో మీరే వినండి సార్" అని చెప్పి, తిరిగి వచ్చి కిటికీ తెరిచారు. "నేను చెప్పానా లేదా" అన్న మాట వారు ఆ రోజూ అనలేదు, ఆ తరువాతా అనలేదు. మళ్ళీ పరీక్ష జరిగింది. తీగ తగిలించగానే అదే చోట చుక్క ఆగింది. కంపెనీవారు ఆ పంపులన్నిటినీ వెనక్కి తీసుకున్నారు. కొద్ది రోజులకు పెద్దక్కగారిని చడీచప్పుడు లేకుండా నీలం గదికి తెచ్చారు. క్షమాపణ లేదు. మెమో రద్దు కాలేదు, ఈనాటికీ కాలేదు. నిన్న కార్యాలయం మనందరికీ పంచిన వారి జీవన విశేషాల పత్రంలో ఆ కాలానికి ఎదురుగా "పరిపాలనా రంగంలో విశేషానుభవం గడించారు" అని ఉంది. అది చదివి నాకు ఒళ్ళు మండింది. కిటికీలోంచి పాసులివ్వడం పరిపాలన అయితే, దాన్ని రాసిన పెద్దమనిషికి కూడా ఆ విశేషానుభవం త్వరలో లభించాలని కోరుకుంటున్నాను.

ఇదంతా పాత కథ అని మీరనవచ్చు. అయితే కొత్త కథ చెబుతాను. నీలం గది బయట గోడకు మన బుకింగుల బోర్డు ఉంది కదా, ఏ రోజు ఎవరి వస్తువు పరీక్షించాలో రాసేది. ఈ నెలంతా అది ఖాళీగా ఉంది. ఒకటీ అరా తప్ప వస్తువే రాలేదు. వచ్చే నెల గళ్ళు మాత్రం కిక్కిరిసిపోయి, అంచుల్లో కూడా పేర్లు రాసి ఉన్నాయి. కారణం అడగనక్కర్లేదు. వైర్ల మేడమ్ వెళ్ళేదాకా ఆగుదామని అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. ఎవరితో ఎవరూ చెప్పుకోకుండానే ఇంత పెద్ద ఊరేగింపు ఎలా కుదిరిందో గానీ కుదిరింది. పోయిన వారం సమావేశంలో సంచాలకులవారు ఆ బోర్డునే చూపించి, "వచ్చే నెల చూడండి, మన లాబ్‌కి డిమాండ్ ఎలా పెరిగిందో!" అని మురిసిపోయారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. పెద్దక్కగారు ఆ గదిలోనే, మూడో వరుసలో కూర్చొని ఉన్నారు.

సమావేశం అయ్యాక వారి కోసం వెతికితే నీలం గదిలో ఉన్నారు. తిరిగే బల్ల మీద ఏమీ లేదు. తలుపు రాగి రేకులు అప్పటికే తుడిచేశారు, వాటినే మళ్ళీ తుడుస్తున్నారు.

"పోనీలెండి అక్కా, ఇన్నాళ్ళూ చాకిరీ చేశారు, నాలుగు రోజులు విశ్రాంతి అనుకోండి," అన్నాను, ఏమనాలో తోచక.

"విశ్రాంతికేముందిరా, వచ్చే నెల నుంచి అంతా అదేగా," అన్నారు వారు. గుడ్డను మరో మడత వేస్తూ, "చివరి నెల ఖాళీ బల్ల ముందు కూర్చోవాల్సి వస్తుందనుకోలేదు. నేను పోతే చాలని ఇంతమంది కాచుకొని ఉన్నారా?" అన్నారు.

పాసుల గదిలో సైతం పంటి బిగువున నిలబెట్టుకున్న గొంతు అక్కడ వణికింది. ఆ వణుకు విన్నందుకే నేను ఈ వ్యాసం ఇలా రాస్తున్నాను.

వచ్చే నెల గళ్ళు నింపిన కంపెనీలవారందరికీ, వారి ప్రతినిధుల్లో పలువురు ఈ సాయంత్రం అతిథులుగా వచ్చి ఈ సంచిక అందుకుంటారు కనుక, ఇక్కడే తెలియజేసుకుంటున్నాను. రేపటి నుంచి నీలం గది తాళం నా దగ్గర ఉంటుంది, సంతకం నాది. నేను నవ్వుతూ పలకరిస్తాను, టీ తెప్పిస్తాను, అందువల్ల మెత్తనివాడినని మీరు లెక్కవేసుకున్నట్టున్నారు. టీ రేపూ తెప్పిస్తాను. కానీ మీ వస్తువుకు ఎన్ని తీగలు తగిలే చోటుందో అన్నీ తగిలిస్తాను. మీరు తేకపోతే మా అరలో ఉన్నవి తగిలిస్తాను. తగిలించి, కదిలించి, అన్నిటికన్నా చెడ్డచోట కొలుస్తాను. రేపటి మొదటి గడిలో ఉన్నది ఆ పంపు కంపెనీవారి కొత్త పంపే. వారు రావచ్చు, మానుకోవచ్చు. బోర్డు మీద గడి చెరపాలంటే సుద్దముక్క పక్కనే ఉంది. సంచాలకులవారికి కూడా సవినయంగా ఒక మనవి: పాసుల గదికి ఎటు వెళ్ళాలో నాకు తెలుసు, ఎవరూ దారి చూపనక్కర్లేదు. అయితే నా తరువాత ఆ తాళం అందుకోబోయే ఇద్దరూ ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి, కింద తమ పేర్లు కూడా వేయమన్నారు. వద్దని నేనే ఆపాను. వారి వంతు వచ్చినప్పుడు వారే రాసుకుంటారు.

పెద్దక్కగారూ! మీకు ఈ సంస్థ ఇవ్వవలసింది ఇవ్వలేదు. ఈ సాయంత్రం ఇచ్చే జ్ఞాపిక దానికి సరిపోదు. మాస్టారితో కలిసి మీరు వాయిదా వేసుకున్న ప్రయాణాలన్నీ చేయండి. కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోండి. ఏ ఆస్పత్రి మంచమూ ఎక్కకుండా, ఏ పంపు అవసరమూ పడకుండా, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని మా అందరి తరఫునా మనసారా కోరుకుంటున్నాను. ఆ మంచం ఎక్కక తప్పనివారి గురించి మీరిక దిగులుపడకండి. చుక్క మేము చూస్తాం.